కాళ్లు లేనివన్నీ ఉరుకుతాయి

మా భువనగిరి స్టేషన్‌లో పొద్దున పూట పది నిమిషాలు నిలబడితే ఫ్రీగా ఒక భాషా పాఠం దొరుకుతుంది. సికింద్రాబాద్ పోయే బండి ఏదో ఒకటి లేటవుతుంది. మైకులో మూడు భాషల్లో ఒకటే కబురు వినిపిస్తుంది. తెలుగులో బండి 'ఆలస్యంగా నడుస్తున్నది'. హిందీలో 'దేరీ సే చల్ రహీ హై'. ఇంగ్లీషులో 'రన్నింగ్ లేట్'. బండి ఒకటే, పట్టాలు ఒకటే, ఆలస్యం కూడా ఒకటే. తెలుగులో నడుస్తోంది, హిందీలోనూ నడుస్తోంది, ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఉరుకుతోంది. అంత ఉరుకుతుంటే మరి లేటెందుకైంది అని మా పాస్ హోల్డర్ల బ్యాచ్‌లో ఎప్పుడూ ఒకరు అడుగుతారు, ఎప్పుడూ అందరం నవ్వుతాం.

ఈ వారం మన మాట ఆ 'రన్'. చిన్న మాట. ఒకటో తరగతి పిల్లవాడు కూడా 'రన్ అంటే పరుగెత్తుట' అని ఒప్పజెప్తాడు. కానీ ఇంగ్లీషువాళ్ల మహా నిఘంటువు ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీలో అత్యంత పొడవైన ఆరోపం ఈ మాటదే. 1989లో వచ్చిన రెండో ముద్రణలో ఆ గౌరవం 'సెట్' అనే మాటకు ఉండేది. దానికి సుమారు 430 అర్థాలు. తర్వాత మూడో ముద్రణ కోసం ఒక్కో మాటనూ మళ్లీ తవ్వుకుంటూ పోతే, 2011 నాటికి 'రన్' ముందుకొచ్చింది. క్రియగా దానికి ఒక్కదానికే 645 అర్థాలు లెక్క తేలాయి. ఆ పని చేసిన పీటర్ గిల్లివర్ అనే ఎడిటర్‌కు ఈ ఒక్క మాట మీదే తొమ్మిది నెలలు పట్టింది.

645 అనగానే కొందరు ఈ పేజీ మూసేస్తారని తెలుసు. ఆగండి. వాటిలో మనకు రోజూ కావలసినవి ఓ ఇరవై, పాతిక. అందులో సగం మీకు ఇప్పటికే వచ్చు, ఇంగ్లీషులో కాదు, తెలుగులో. ఎట్లాగో చెప్తాను.

నేను చదివిన ఇంజనీరింగ్ కాలేజీవాళ్లు ఏడాదికోసారి పాత విద్యార్థులను పిలిచి ఫైనలియర్ పిల్లలకు ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేయిస్తారు. ఒకసారి ఒక అబ్బాయి వచ్చి కూర్చున్నాడు. పదో తరగతి దాకా ఊళ్లో తెలుగు మీడియం. జావా అడిగితే తడుముకోకుండా చెప్పాడు. డేటాబేస్ అడిగితే బోర్డు మీద గీసి చూపించాడు. సరే, ఇంటి సంగతి చెప్పమంటే, 'మై ఫాదర్ ఈజ్ వాకింగ్ వన్ కిరాణా షాప్' అన్నాడు. వెనక వరసలో కూర్చున్న బ్యాచ్ మొత్తం ఘొల్లుమంది. ఆ తర్వాత వాడి నోట్లోంచి ఒక్క మాట రాలేదు. అంతకుముందు అరగంట చెప్పిన జావా అంతా ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

నేనైతే వాడు చెప్పింది తప్పే కానీ తెలివితక్కువ కాదు అంటాను. 'మా నాయిన దుకాణం నడుపుతడు' అని మనసులో సక్కగా అనుకున్నాడు. నడచుట అంటే వాక్ అని బళ్లో నేర్పారు. రెండిటినీ కలిపాడు. లెక్క కరెక్టే, ఫార్ములా ఒకటి చేతికియ్యలేదు ఎవ్వరూ. ఆ ఫార్ములా ఇదీ:

కాళ్లున్నవి నడిస్తే వాక్. కాళ్లు లేనివి నడిస్తే రన్.

అంతే. ఇప్పుడు మీ ఇంట్లో రోజూ వినిపించే మాటలకు పెట్టి చూడండి. దుకాణం నడపడం, రన్ ఎ షాప్. ట్యూషన్ సెంటర్ నడపడం, రన్ ఎ ట్యూషన్ సెంటర్. చిట్టీలు నడపడం, రన్ ఎ చిట్. ఒక్క జీతం మీద ఇల్లు నడపడం, రన్ ద హౌస్ ఆన్ వన్ శాలరీ. ప్రభుత్వాన్ని నడపడం, రన్ ద గవర్నమెంట్. పండుగకు స్పెషల్ రైళ్లు నడుస్తాయి, స్పెషల్ ట్రెయిన్స్ విల్ రన్. బస్సు పావుగంటకొకటి నడుస్తుంది, ద బస్ రన్స్ ఎవ్రీ ఫిఫ్టీన్ మినిట్స్. దుకాణానికి కాళ్లు లేవు, చిట్టీకి లేవు, ప్రభుత్వానికి అసలే లేవు. అన్నీ ఇంగ్లీషులో ఉరుకుతాయి.

ఇది మన తెలుగు ఒక్కదాని చాదస్తం కూడా కాదు. తమిళులు కడై 'నడత్తు'తారు, కన్నడిగులు అంగడి 'నడెసు'తారు. పాతబస్తీ దోస్తు ఎవరినైనా అడగండి, దుకాన్ 'చలాతా' అంటాడు. ఆ 'చల్' లోంచే మనకు చలాయించడం వచ్చింది, బ్యాంకులో కట్టే చలానా వచ్చింది. ఈ దేశంలో దుకాణాలన్నీ నడుస్తుంటే, అక్కడ లండన్‌లో ఉరుకుతున్నాయి. అంతకు మించి తేడా ఏం లేదు.

ఇంకో సంగతి గమనించండి. తెలుగులో దుకాణం తనంతట తాను 'నడుస్తుంది', మనం దాన్ని 'నడుపుతాం'. రెండు రూపాలు. ఇంగ్లీషులో రెండిటికీ ఒకటే రన్. 'హి రన్స్ ద మిల్' అన్నా అదే, 'ద మిల్ రన్స్ డే అండ్ నైట్' అన్నా అదే. మన దగ్గర మిల్లు 'ఆడుతుంది' అని కూడా అంటాం. గిర్ని ఆడుతుంది, మగ్గం ఆడుతుంది, సినిమా వంద రోజులు ఆడుతుంది. ఈ 'ఆడు' కూడా చాలాసార్లు రనే. 'ద ఫిల్మ్ రాన్ ఫర్ ఎ హండ్రెడ్ డేస్.' ఈ రోజుల్లో వంద రోజులు ఆడే సినిమా ఎక్కడిది అనకండి, వ్యాకరణం కోసం చెప్తున్నా.

ఫార్ములా అన్నాక ఎక్కడ పనిచేయదో కూడా చెప్పాలి, లేకపోతే రేపు మీరు నన్ను పట్టుకుంటారు. ఆటో దగ్గర ఒక గుంత ఉంది. 'మా అన్న ఆటో నడుపుతడు' అంటే స్టీరింగ్ పట్టుకునేది ఆయనే, కాబట్టి 'హి డ్రైవ్స్ ఎన్ ఆటో'. 'మా అన్న రెండు ఆటోలు నడిపిస్తడు' అంటే డ్రైవర్లను పెట్టి వ్యాపారం చేయిస్తున్నాడు. అది 'హి రన్స్ టూ ఆటోస్'. మన 'నడుపు'కూ 'నడిపించు'కూ ఉన్న తేడాయే డ్రైవ్‌కూ రన్‌కూ ఉన్న తేడా.

రెండో గుంత, ఇప్పుడు ఈ క్షణంలో జరుగుతున్నవి. పెళ్లి నడుస్తోంది, లొల్లి నడుస్తోంది, పరీక్ష నడుస్తోంది అంటాం. వీటికి రన్ పెట్టకండి, 'గోయింగ్ ఆన్' పెట్టండి. 'ఏం నడుస్తుందిరా?' అని ఫ్రెండ్ ఫోన్ చేస్తే 'వాట్స్ గోయింగ్ ఆన్'. కానీ ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా అని గడువు చెప్తున్నారనుకోండి, మళ్లీ రన్ వచ్చేస్తుంది. హైదరాబాద్ నుమాయిష్ జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నడుస్తుంది. 'ఇట్ రన్స్ ఫ్రమ్ జాన్యువరీ ఫస్ట్ టు ఫెబ్రవరీ ఫిఫ్టీన్త్.' కోర్సు ఆరు నెలలు నడుస్తుంది, 'ద కోర్స్ రన్స్ ఫర్ సిక్స్ మంత్స్'. ఇక 'చెప్పినట్టు నడుచుకో' అని నాయిన అంటే అది వాకూ కాదు, రనూ కాదు. బిహేవ్.

ఇక్కడి దాకా లాభమే, నష్టం లేదు. మహా అయితే నలుగురు నవ్వుతారు. రన్ తెలియకపోతే నష్టం జరిగేది వేరే చోట. అది అర్థం కావాలంటే ఈ మాట పుట్టిన చోటికి ఒక్కసారి పోవాలి.

పాత ఇంగ్లీషులో ఈ మాట మూలానికి ఉరకడమే కాదు, పారడం అనే అర్థం కూడా ఉంది. దాని చుట్టం జర్మన్‌లో ఇప్పటికీ రెండు ముక్కలుగా కనబడుతుంది. 'రెన్నెన్' అంటే ఉరకడం, 'రిన్నెన్' అంటే పారడం. ఇంగ్లీషులో రెండూ కలిసిపోయి ఒక్క రన్‌లో కూర్చున్నాయి. అందుకే నల్లా తిప్పి వదిలేస్తే 'ద ట్యాప్ ఈజ్ రన్నింగ్'. వలిగొండ పక్కనుంచి మూసీ పారుతుంటే 'ద రివర్ రన్స్'. ముక్కు కారితే 'రన్నీ నోస్'. మనకు నది పారుతుంది, ముక్కు కారుతుంది, చెమట కూడా కారుతుంది, రోడ్డేమో 'వరంగల్‌కు పోతది'. ఇంగ్లీషువాడికి నదీ రోడ్డూ ముక్కూ ఒకటే. మాటల విషయంలో వాళ్లు పొదుపరులు.

ఈ 'పారడం' అర్థం తెలియకే మా పోచంపల్లి చుట్టాలాయన ఒక బేరం పోగొట్టుకున్నాడు. ఆయనకు భూదాన్ పోచంపల్లిలో చిన్న చీరల కొట్టు. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఆ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది, మీకు గుర్తుండే ఉంటుంది. అందుకని బయటి దేశాల మనుషులు వస్తూ ఉంటారు. ఒక రోజు ఒక విదేశీ జంట వచ్చారట. ఆమెకు ఎరుపు మీద తెలుపు చిటికి చీర బాగా నచ్చింది. భుజం మీద వేసుకుని చూసుకుంది. ధర కూడా ఒప్పుకుంది. ఆఖరుకు చీర కొంగు పట్టుకుని, 'విల్ ఇట్ రన్?' అని అడిగింది.

బట్టల కొట్టు భాషలో 'రన్నింగ్' అంటే ఏమిటో మీకు తెలుసు. రన్నింగ్ ఐటెం అంటే బాగా పోయే సరుకు, రన్నింగ్ బ్లౌజ్ అంటే చీరతోనే కలిసి వచ్చే జాకెట్ ముక్క. ఈయన మొహం వెలిగిపోయింది. 'యెస్ మేడమ్! వెరీ రన్నింగ్! ఫుల్ రన్నింగ్ ఐటెం!' అన్నాడు. ఆమె చీర మెల్లగా మడిచి బల్ల మీద పెట్టి, థాంక్యూ చెప్పి పోయింది.

'అంత మంచిగ చెప్పిన తమ్మీ, అయినా ఎందుకు పోయిన్రో ఇప్పటికీ సమజ్ కాలే' అని ఆయన నాతో అన్నాడు. ఆమె ఏమడిగిందో మళ్లీ చెప్పమంటే చెప్పాడు. అప్పుడు చెప్పాను, ఆమె అడిగింది 'రంగు దిగుతదా' అని. బట్టల దగ్గర రన్ అంటే రంగు నీళ్లలో కారడం, ఎరుపు పోయి తెలుపు మీద పడడం. ఎరుపూ తెలుపూ కలిసిన చీర కొనేవాళ్లు ఎవరైనా మొదట అడిగే ప్రశ్న అదే. ఆయన దానికి 'ఫుల్లుగా దిగుతది' అని గ్యారంటీ ఇచ్చి పంపాడు.

ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఇకత్ అంటే నేసిన తర్వాత అద్దే రంగు కాదు. దారాన్ని ముందే లెక్క ప్రకారం కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి ముంచి, అప్పుడు మగ్గం ఎక్కిస్తారు. ఇంటిల్లిపాది చేతులు పడతాయి ఆ పనిలో. రంగు నిలబడుతుందనేదే వాళ్ల పరువు. ఆ పరువునే ఆయన నోటితో ఆయనే కాదన్నాడు, ఒక్క మాట వల్ల. ఇప్పుడు ఆయన గల్లాపెట్టె పక్కన గోడ మీద తెలుగులో ఒక చీటీ అంటించి ఉంటుంది: 'కలర్ వోంట్ రన్'. వచ్చినవాళ్లు అడగకముందే చెప్తున్నాడు.

మా పెద్దమ్మది ఇంకో కథ. ఊళ్లో తెలుగు టీచర్‌గా రిటైరైంది. మనవరాలిని చూసుకోవడానికి డాలస్ పోయింది. కూతురూ అల్లుడూ డ్యూటీకి పోయాక పాపకు ఒళ్లు వేడిగా అనిపించి, ఫ్రిజ్ మీద రాసిపెట్టిన నంబర్‌కు తనే ధైర్యం చేసి ఫోన్ చేసింది. అవతల నర్సు అడిగింది, 'ఈజ్ షి రన్నింగ్ ఎ టెంపరేచర్?' పెద్దమ్మకు రన్నింగ్ అనేది ఒక్కటే వినపడింది. 'నో నో, షి ఈజ్ స్లీపింగ్' అంది. సరే, పడుకోనివ్వండి, జ్వరం వస్తే మళ్లీ ఫోన్ చేయండి అన్నట్టు ఏదో చెప్పి నర్సు పెట్టేసింది. సాయంత్రం కూతురు వచ్చి థర్మామీటర్ పెడితే 102. పాపకు ఏం కాలేదు, మందు పడగానే తగ్గింది. కానీ పెద్దమ్మ ఈ కథ చెప్పేటప్పుడు మేమంతా నవ్వుతాం, తను మాత్రం నవ్వదు.

మనకు జ్వరం వస్తుంది, తగులుతుంది, కాస్తుంది, పట్టుకుంటుంది. ఎన్ని మాటలో చూడండి! కానీ ఉరకదు. వాళ్లకు 'రన్నింగ్ ఎ ఫీవర్', 'రన్నింగ్ ఎ టెంపరేచర్' అనేవి చాలా మామూలు మాటలు. పిల్లల కోసం, పురుళ్ల కోసం అమెరికా, ఆస్ట్రేలియా పోయే అమ్మలకూ అమ్మమ్మలకూ సూట్‌కేసులో పచ్చళ్లు సర్దేటప్పుడు ఈ ఒక్క వాక్యం కూడా సర్ది పంపండి. స్పోకెన్ ఇంగ్లీష్ పుస్తకాల్లో షేక్స్‌పియర్ కాలం నాటి సామెతలుంటాయి కానీ ఇది ఉండదు. ఎందుకో నాకర్థం కాదు.

ఇక 'రన్ అవుట్'. దీన్ని బడి కన్నా ముందు క్రికెట్ నేర్పింది మనకు. రన్ను, రన్ రేటు, రన్నరు, రన్ అవుట్. గల్లీలో ఏ పిల్లగాడిని అడిగినా చెప్తాడు, రన్ అవుట్ అంటే వికెట్ పోయింది, అయిపోయింది, ఇంక వాదించకు. చిక్కల్లా అక్కడే వచ్చింది. మాటల్లో 'రన్ అవుట్' అంటే సరుకు నిండుకోవడం. మా తెలంగాణలో ఒడవడం. బియ్యం ఒడిసినయ్, గ్యాస్ ఒడిసింది. 'వి రాన్ అవుట్ ఆఫ్ రైస్.' ఇదే 'వి ఆర్ రన్నింగ్ అవుట్ ఆఫ్ రైస్' అంటే ఇంకా ఒడవలేదు, ఒడవడానికొచ్చింది, డబ్బా అడుగు కనబడుతోంది. 'రన్నింగ్ లో' అంటే ఇంకొంచెం నయం, తగ్గుతోంది, జాగ్రత్త అని. మూడూ మూడు రకాల కబుర్లు.

మా సాఫ్ట్‌వేర్ పనిలో ఈ తేడా మీద రాత్రి నిద్ర ఆధారపడి ఉంటుంది. అర్ధరాత్రి అవతలి టీమ్ నుంచి 'సర్వర్ ఈజ్ రన్నింగ్ లో ఆన్ స్పేస్' అని వస్తే పొద్దున చూడొచ్చు. 'రన్నింగ్ అవుట్' అంటే లేచి కూర్చోవాలి. 'రాన్ అవుట్' అంటే మేనేజర్‌ను కూడా లేపాలి. కొత్తగా చేరిన పిల్లలు మూడిటికీ ఒకే రకంగా కంగారు పడతారు, లేదా మూడిటికీ ఒకే రకంగా పడుకుంటారు. రెండో రకం కొంచెం డేంజర్.

2024 జనవరి 2 గుర్తుందా? కొత్త చట్టంలో 'హిట్ అండ్ రన్' కేసులకు పదేళ్ల దాకా శిక్ష పెట్టారని లారీ, ట్యాంకర్ డ్రైవర్లు సమ్మెకు దిగారు. హైదరాబాద్‌లో బంకుల ముందు కిలోమీటర్ల కొద్దీ క్యూలు. చాలా బంకుల్లో నో స్టాక్ బోర్డులు పెట్టేశారు. ఒక ఫుడ్ డెలివరీ కుర్రాడు బండి వదిలేసి గుర్రం మీద పోతున్న వీడియో దేశమంతా తిరిగింది. ఒక్క రోజులో మూడు రన్‌లు. గుద్ది పారిపోవడం హిట్ అండ్ రన్, బంకులో పెట్రోల్ ఒడవడం రన్ అవుట్, మూడోది గుర్రం. అది ఒక్కటే బళ్లో నేర్పిన రన్.

పక్కన తగిలే చిన్న మాటలు ఈ క్రియను ఎంత మారుస్తాయో చూడాలంటే 'ఇంటు', 'ఓవర్' పట్టుకోండి. 'ఐ రాన్ ఇంటు మై టీచర్ ఎట్ ఉప్పల్' అంటే ఉప్పల్‌లో మా సార్ అనుకోకుండా ఎదురుపడ్డారు. 'ఐ రాన్ ఓవర్ మై టీచర్' అంటే సార్ మీదుగా బండి పోనిచ్చాను. మొదటిదానికి చాయ్ తాగి వస్తాం, రెండోదానికి పోలీస్ స్టేషన్‌కు పోతాం. అట్లని 'ఇంటు' కూడా ఎప్పుడూ మంచిది కాదు. మనిషి ఎదురైతే కలవడం. చెట్టు ఎదురైతే గుద్దడం. సమస్య ఎదురైతే ఇరుక్కోవడం. 'వి రాన్ ఇంటు ఎ ప్రాబ్లమ్' అని క్లయింట్ చెప్తే సమస్యను కలిసి పలకరించి వచ్చారని కాదు.

ఆఫీసుల్లో ఎక్కువగా వినపడేది 'రన్ ఇట్ బై'. 'లెట్ మి రన్ దిస్ బై మై మేనేజర్.' దీన్ని పరుగుతో ఆలోచిస్తే ఏమీ తోచదు. మన భాషలో 'ఒకసారి మా సార్ చెవిన వేస్తా'. అంతే, పూర్తి పర్మిషన్ అడగడం కాదు, రేపు నాకు చెప్పలేదే అనకుండా ముందే ఒక మాట వినిపించడం. 'రన్ త్రూ' అంటే మొదటి నుంచి చివరి దాకా గబగబా ఒకసారి చూసుకోవడం. 'రన్ ద నంబర్స్' అంటే లెక్క వేసి చూడడం. 'ఇన్ ద లాంగ్ రన్' అంటే పోను పోను. 'ఇట్ రన్స్ ఇన్ ద ఫ్యామిలీ' అంటే వంశంలోనే ఉంది, షుగరైనా కోపమైనా. 'రన్ ఆఫ్ ద మిల్' ఒకటుంది, మిల్లుల ఊళ్లవాళ్లకు ఇది సులువు. మిల్లులోంచి ఏరకుండా, గ్రేడు చేయకుండా వచ్చింది వచ్చినట్టు ఉన్న సరుకు. మనుషుల గురించి, సినిమాల గురించి అంటే 'ఏదో మామూలు రకం' అని.

ఇన్ని పనులు ఈ ఒక్క మాట నెత్తిన ఎందుకు పడ్డాయి అంటే, యంత్రాలే కారణం అని చాలామంది చెప్తారు. ఆవిరి యంత్రం వచ్చింది, రైలు వచ్చింది, మిల్లు వచ్చింది, కారు వచ్చింది, కంప్యూటర్ వచ్చింది. కొత్తగా ఏది కదిలినా ఇంగ్లీషువాడు దానికి రన్ తగిలించాడు. మా పనిలో రోజు మొదలయ్యేదే ఆ పచ్చ త్రిభుజం బటన్ నొక్కి. దాని పేరు రన్. ప్రోగ్రామ్ రాసినప్పుడు మిషన్ ఒప్పుకుని, తీరా నడిచేటప్పుడు తన్నేస్తే దాని పేరు రన్‌టైమ్ ఎర్రర్. పెళ్లి చూపుల్లో అన్నీ బాగుండి కాపురంలో బయటపడేవి ఉంటాయే, ఆ టైపు.

ఇంగ్లీషు సంగతి సరే, దానికి కొంత సరుకు ఇచ్చిన లాటిన్‌లో ఉరకడానికి 'కుర్రెరె' అనే మాట ఉంది. అది మన ఇళ్లల్లోకి మనకు తెలియకుండానే వచ్చి కూర్చుంది. కరెంటు దాని సంతానమే, పారేది అని. కొరియర్ అంటే ఉరికేవాడు. కోర్సు అంటే ఉరికే దారి. చేతులు మారుతూ పారే డబ్బు కరెన్సీ. స్క్రీన్ మీద టపటపా కొట్టుకునే కర్సర్‌కు లాటిన్‌లో అర్థం ఉరికేవాడు. పొద్దంతా వాడి వెనక నేను. మన తెలుగేమో డబ్బు దగ్గర కూడా తన పద్ధతి తాను వదల్లేదు. నోటు 'చెల్లుతుంది' అంటాం. ఆ 'చెల్లు' పాత ద్రావిడ మాట, వెళ్లడం, సాగడం అని దాని మూలార్థం. వాళ్ల డబ్బు ఉరికితే మన డబ్బు నెమ్మదిగా పోతుంది. కనీసం మాటలోనైనా.

అన్నిటా ఉరికే ఇంగ్లీషు ఒక చోట మాత్రం రెండుగా చీలింది. ఎన్నికల్లో అమెరికావాళ్లు 'రన్ ఫర్ ఆఫీస్' అంటారు, ఉరుకుతారు. బ్రిటన్‌వాళ్లు 'స్టాండ్ ఫర్ ఎలక్షన్' అంటారు, నిలబడతారు. మనం కూడా సర్పంచ్ దగ్గర నుంచి ఎంపీ దాకా నిలబడతాం. నిలబడ్డవాళ్లు గెలిచాక కనబడకుండా ఉరకడం వేరే సంగతి.

2022-23 నుంచి మన ప్రభుత్వ బళ్లల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీష్ మీడియం మొదలుపెట్టారు. మీడియం మారింది, మంచిదే. కానీ పిల్లలు ఇంటికెళ్లి మాట్లాడేది తెలుగే, అనుకునేది తెలుగే. అక్కడ దుకాణం నడుస్తూనే ఉంటుంది. బళ్లో 'రన్ మీన్స్ పరుగెత్తుట' అని ఒక్క అర్థం రాయించి వదిలేస్తే ఆ పిల్లలు కూడా పదేళ్ల తర్వాత ఏదో ఒక ఇంటర్వ్యూలో దుకాణాన్ని వాకింగ్ చేయిస్తారు. టీచర్లకు నాదొక విన్నపం. రన్ చెప్పేటప్పుడు నల్లబోర్డు మీద ఒక పక్క రన్, ఇంకో పక్క 'నడుచు' రాయండి. నాయిన ఏం నడుపుతడు, ఊళ్లో ఏమేం నడుస్తయి అని అడగండి. చేతులు లేస్తాయి చూడండి, బెంచీలు సరిపోవు.

ఆ ఇంటర్వ్యూ అబ్బాయికి ఆ రోజు క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ ఈ కాళ్ల ఫార్ములా చెప్పాను. టిష్యూ పేపర్ మీద రాసుకున్నాడు. రాసుకుని ఒక ప్రశ్న వేశాడు: 'అన్నా, మరి కాళ్లున్న మనిషిని నడిపిస్తే? మా అమ్మనే కదా మా నాయినను నడిపిచ్చేది!' దానికి ఇంగ్లీషులో 'షి రన్స్ ద షో' అంటారని చెప్పాను.

ఈ వారం పని మీకు. కింది నాలుగు మాటలూ ఇంగ్లీషులో చెప్పి చూడండి. నాలుగూ రన్ కావు, అది గుర్తుంచుకోండి. 'నల్లా ఇడిసిపెట్టి పోయినవ్.' 'మా మేనమామ రెండు లారీలు నడిపిస్తడు.' 'లోపల పూజ నడుస్తుంది, జర ఆగు.' 'ఫోన్‌ల చార్జింగ్ ఒడవొచ్చింది, మల్ల చేస్త.' జవాబులు వచ్చే వారం, 'గెట్'తో పాటు.